ఒక్కసారే తీసిన చీటీ

లేని మనుషుల్ని పుట్టించడం ప్యో ఇన్‌సుక్ అక్క ఉద్యోగం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, బూసాన్‌లో మా లాంటి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అలాంటి మనిషి ఒకరు లేకపోతే పని నడవదు. ఆసుపత్రికో, బస్సుల కంపెనీకో, ఏదో ఒక ప్రభుత్వ ఆఫీసుకో మేము ప్రోగ్రాములు రాసిస్తాం. అవి పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే లోపల జనం ఉండాలి. అసలు జనం వివరాలు మాకివ్వరు, చట్టం ఒప్పుకోదు. అందుకని అక్క కూర్చుని పది లైన్ల క్వెరీ, అంటే డేటాబేసుకిచ్చే ఆజ్ఞ, రాసేది. ఎంటర్ నొక్కగానే డేటాబేసులో వెయ్యిమంది ముసలివాళ్ళు పుట్టుకొచ్చేవారు, పేర్లతో, ఇంటి నెంబర్లతో, మోకాళ్ళ నొప్పులతో సహా.

మిగతా వాళ్ళు కూడా పుట్టించేవాళ్ళు. కానీ వాళ్ళ మనుషుల పేర్లు "పరీక్ష ఒకటి, పరీక్ష రెండు". కొంతమంది చిలిపివాళ్ళు మేనేజర్ల పేర్లు పెట్టి, పక్కన "మరణించారు" అని గుర్తు పెట్టి నవ్వుకునేవాళ్ళు. అక్కకి అది నచ్చేది కాదు. ఆమె పుట్టించిన వాళ్ళలో తొంభై ఏళ్ళ ఆయనకి ఇరవై ఏళ్ళ అమ్మ ఉండేది కాదు, సముద్రం మధ్యలో ఇల్లు ఉండేది కాదు. ఏ పట్టికలోంచి ఏ ఇంటిపేరు తీసి ఏ పేరుకి కలపాలో కూడా లాటరీ వేసినట్టే, కానీ లెక్కగా జరిగేది. పుట్టించేవాళ్ళకి కాస్త మర్యాద ఉండాలి అనేది.

ఆమె పుట్టింది రేవు పక్కన ఓడలు బాగుచేసే దీవిలో. వాళ్ళమ్మ ఓడల మీద తుప్పు కొట్టే కూలి. ఓడ పక్కన తాళ్ళకి కట్టిన చెక్కమీద కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సుత్తితో ఇనుము మీద కొట్టడమే. నలభై దాటేసరికి చెవులు పోయాయి. అక్క కమర్షియల్ హైస్కూలు చదివి, నీళ్ళ బిల్లుల కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో చేరింది. ఆ చేతుల వేగం చూసి ఎవరో ఎస్క్యూఎల్ అనే డేటాబేసు భాష నేర్పారు. పెళ్ళయింది, నాలుగేళ్ళకి విడిపోయింది. ఎందుకని అడిగితే, మా అమ్మకి అతని మాట వినపడేది కాదు, నాకు వినపడేది, అదే తేడా అనేసింది. పిల్లలు లేరు. తల్లిని పోయేదాకా తన దగ్గరే ఉంచుకుంది.

నేను కంపెనీలో చేరిన కొత్తలో పని నేర్పింది ఆమే. వయసులో నాకన్నా పదకొండేళ్ళు పెద్ద, అయినా కంపెనీ ఉద్యోగి కాదు, ఏడాదికోసారి కాంట్రాక్టు రాయించుకునే మనిషి. పర్మనెంటు ఉద్యోగిని నేను. ఈ తేడా తరవాత చాలా దూరం వెళ్తుంది గనక ఇప్పుడే చెబుతున్నాను.

ఆమె నేర్పిన మొదటి పాఠం నాకింకా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ముసలివాళ్ళ టేబుల్, అంటే పట్టిక, ఒకటి. వాళ్ళని చూడ్డానికెళ్ళే ఆయాల టేబుల్ ఇంకొకటి. ఎవరు ఎవర్ని ఏ రోజు చూసొచ్చారో రాసే టేబుల్ మూడోది. ఈ మూడోదానికి సొంత మనుషులుండరు, మొదటి రెండింటిలోంచి ఒక్కొక్కర్ని చీటీ తీసి తెచ్చుకోవాలి.

"ప్రతి వరసకీ కొత్త చీటీ తియ్యమని విడమర్చి చెప్పాలే, యోంగ్‌రాన్," అంది. "చెప్పకపోతే ఈ మహాతల్లి బద్ధకిస్తుంది. ఒక్కసారి తీసి, ఆ పేరే అన్ని వరసలకీ అంటించేస్తుంది. వంద వరసలు పడ్డాయని నువ్వు సంబరపడతావు. తీరా చూస్తే వందా ఒక్కడి నెత్తినే ఉంటాయి."

డేటాబేసుని ఆమె మహాతల్లి అనేది. నేనూ అలాగే అనడం నేర్చుకున్నాను.

మూడేళ్ళ కిందట మాకు ఒక జిల్లా ఆఫీసు పని వచ్చింది. ఏ జిల్లా అని అడక్కండి. కొండమీద మెట్ల వీధుల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు పదకొండు వందల చిల్లర మంది ఉన్నారు అక్కడ. వారానికోసారైనా ఆయా వెళ్ళి తలుపు తట్టి, బతికున్నారా, తిన్నారా అని చూసి రావాలి. పాత పద్ధతిలో ఒక్కో ఆయాకి పదహారు మంది, ఎవరి వాళ్ళు వాళ్ళకి. మా ప్రోగ్రాం ఆ పద్ధతి తీసేసింది. ఎవర్ని చూసి ఎక్కువ రోజులైందో లెక్కకట్టి, పొద్దున్నే ఆయాల ఫోన్లకి ఆ రోజు జాబితా పంపుతుంది. దగ్గరలో ఎవరుంటే వాళ్ళు వెళ్ళాలి. ఒక్క ప్రాణం కూడా జారిపోదు అని మా తాక్ మేనేజరు జిల్లా ఆఫీసులో బొమ్మలు చూపించి మరీ చెప్పాడు. ఆ బొమ్మలు నేనే వేశాను.

సోమవారం ప్రారంభం. అంతకుముందు శుక్రవారం మధ్యాహ్నం, అసలు డేటాబేసులో చివరి రిహార్సల్. అసలు దానిమీద చెయ్యి వెయ్యాలంటే మా దగ్గర ఒక కట్టడి ఉంది. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు టైపు చేస్తారు, రెండోవారు కళ్ళార్పకుండా చూస్తారు. పనయ్యాక కాగితం మీద ఇద్దరూ, సంతకానికి బదులు, తమ పేరున్న ముద్రలు వెయ్యాలి. ఆ రోజు టైపు చేసింది అక్క. చూసింది నేను.

తరవాత గుర్తుపట్టి తీసెయ్యడానికి వీలుగా తొమ్మిది లక్షల నెంబరుతో మొదలుపెట్టి యాభైమంది లేని ముసలివాళ్ళని అక్క పుట్టించింది. రాబోయే నలభై రోజుల జాబితాలు ఎలా వస్తాయో చూడాలి గనక, ముందు తేదీలతో అరవై సందర్శనలు వెయ్యాలి. మాకు తెలియంది ఒకటుంది. సాయంత్రం ఎక్కించాల్సిన అసలు ముసలివాళ్ళని జిల్లా ఆఫీసు వాళ్ళు పొద్దున్నే ఎక్కించేశారు. మాతో ఒక్క ముక్క చెప్పలేదు. మేమూ టేబుల్ తెరిచి చూసుకోలేదు, అందులో మా యాభైమందే ఉన్నారనుకున్నాం.

తాక్ మేనేజరు మా కుర్చీల వెనక నిలబడి గడియారం చూపిస్తున్నాడు. జిల్లా ఆఫీసు పెద్దమనిషి ఫోన్లో ఉన్నాడట, పది నిమిషాల్లో చూపించాలట. అక్క వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. నాకు పాఠం చెప్పిన ఆ చీటీ మాట, ప్రతి వరసకీ కొత్తది తియ్యమనే ఆ చిన్న ముక్క, ఆ రోజు ఆమే రాయలేదు. పాతికేళ్ళ చెయ్యి అది. నేను పక్కనే ఉన్నాను, నాకూ కనపడలేదు. అరవై వరసలు పడ్డాయి అంది తెర. జాబితా బాగానే వచ్చింది, పెద్దమనిషి సంతోషించాడు.

తరవాత శుభ్రం చెయ్యాలి. తొమ్మిది లక్షల నెంబర్ల వాళ్ళని తీసెయ్యమంది అక్క. యాభై పోయాయి అంది తెర. వాళ్ళ సందర్శనలు తీసెయ్యమంది. సున్నా పోయాయి అంది తెర.

అక్క ఆ సున్నా వైపు ఒక్క క్షణం చూసింది. "మనుషులతోపాటే పోయుంటాయిలే," అంది. మనిషి వరస తీసేస్తే అతనికి కట్టిన వరసలు కూడా వాటంతటవే పోయే ఏర్పాటు ఉంది, ఆ మాట నిజమే. నేను ఊఁ అన్నాను. ఆమె ముద్ర వేసింది. నా ముద్ర ఆ రోజు ఇంటి దగ్గర మర్చిపోయాను. సోమవారం వేద్దువులే అని కాగితం ఫైల్లో పెట్టేసింది. సోమవారం వచ్చింది గానీ నా ముద్ర పడనేలేదు.

ఆ అరవై సందర్శనలూ ఎక్కడికీ పోలేదు. మహాతల్లి చీటీ ఒక్కసారే తీసింది. ఆ చీటీ మా యాభైమందిలో ఒకరి మీద పడలేదు, అసలు జనంలో ఒకరి మీద పడింది. పేరు చూ సాంగ్‌దు. వయసు ఎనభై ఒకటి, ఒకప్పుడు ఓడల వెల్డరు, మూడొందల మెట్ల పైన ఒంటిగది ఇల్లు. ఆయాల టేబుల్లోంచి కూడా ఒక్కసారే తీసింది. పేరు గ్వాక్ మల్‌సున్, వయసు అరవై రెండు. నలభై రోజుల పొడవునా, రోజుకి ఒకటో రెండోసార్లు, ఆమె అతన్ని చూసినట్టు, "క్షేమం" అని వరసలు ముందే కూర్చున్నాయి.

సోమవారం నుంచి ప్రోగ్రాం పొద్దున్నే లెక్కకట్టేది. సాంగ్‌దుగారిని నిన్నో మొన్నో చూశారు, తొందరేమీ లేదు అని పక్కనపెట్టేది. ఒక్క రోజు కూడా ఆయన పేరు ఏ ఆయా ఫోన్లోకీ రాలేదు.

చిత్రమేమిటంటే, పాత పద్ధతిలో ఆయన మల్‌సున్‌గారి ముసలాయనే. ఆరేళ్ళు ప్రతి మంగళవారం ఆ మెట్లెక్కింది. కొత్త జాబితాలో ఆయన పేరు లేకపోయేసరికి రెండో వారం ఆఫీసుకెళ్ళి అడిగింది కూడా, మెట్ల మీదాయన దగ్గరికి ఎవరెళ్తున్నారని. కౌంటర్లో పిల్ల తెర చూసి, ఎవరో వెళ్తూనే ఉన్నారు ఆంటీ, నిన్న కూడా చూశారు, క్షేమమట అంది. ఎవరు అన్న గడి వైపు ఆ పిల్ల చూడలేదు. మల్‌సున్‌గారు స్థిమితపడి, తన జాబితాలో వాళ్ళ దగ్గరికి పోయింది.

ఇరవై తొమ్మిదో రోజున నీళ్ళ మీటరు చూడ్డానికెళ్ళిన మనిషి వాసన పసిగట్టి పోలీసులకి చెప్పింది. ఆయన స్నానాలగది గడప దగ్గర పడి ఉన్నాడు. తుంటి విరిగిందట. పోయి పన్నెండు రోజులైందన్నారు. పడిన వెంటనే పోలేదు, రెండు రోజులు, బహుశా మూడు రోజులు ప్రాణంతో ఉన్నాడని డాక్టరు రాశాడు. ఆ మూడు రోజుల్లో ఒకటి మంగళవారం.

తెర మీద మాత్రం ఆయన పోయిన తరవాత కూడా మల్‌సున్‌గారు పద్దెనిమిదిసార్లు చూసింది, పద్దెనిమిదిసార్లూ క్షేమం. ఇంకా రాని తేదీలకి కూడా క్షేమం. పని తెమలక కొందరు ఆయాలు రేపటి సందర్శనలు ఇవాళే నొక్కేస్తారని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, దొంగ దొరికిందనుకున్నారు. పత్రికల్లో పేరు రాలేదు గానీ, "శవాన్ని క్షేమం అన్న ఆయా" అని వచ్చింది. వీధిలో వాళ్ళకి పేరు అక్కర్లేదు గదా. చేపల మార్కెట్లో ఆమెకి చేపలు అమ్మడం మానేశారట.

ఆమెని మూడు రోజులు ఆఫీసులో కూర్చోబెట్టి అడిగారు. మొదటి రోజు నేను నొక్కలేదు అంది. రెండో రోజూ అదే. మూడో రోజుకి, నా వేళ్ళు లావు, ఎక్కడైనా తగిలిందేమో, అనడం మొదలుపెట్టింది.

ప్రోగ్రాములో లోపమేమైనా ఉందేమో చూడమని మాకు ఉత్తరం వచ్చింది. అక్క ఆ అరవై వరసలూ తెరిచింది. ఆయాల తెరమీద కనపడని గడి ఒకటి టేబుల్లో ఉంటుంది, వరస ఏ క్షణంలో లోపలికొచ్చిందో రాసి ఉంటుంది అందులో. అరవైకీ ఒకే క్షణం. ప్రారంభానికి మూడు రోజుల ముందు, శుక్రవారం, ఒంటిగంట నలభై రెండు. ఒక్క సెకండులో అరవైసార్లు నొక్కే వేలు ఏ ఆయాకీ ఉండదు.

ఆమె నన్ను పిలవలేదు. కుర్చీ కొంచెం పక్కకి జరిపింది, నేనూ చూడాలని. నేను చూశాను.

తాక్ మేనేజరుకి చెప్పాం. అతను మమ్మల్ని మీటింగు గదిలో కూర్చోబెట్టి తలుపేశాడు. దుర్మార్గుడేం కాదు, కంపెనీ మునిగితే పన్నెండు కుటుంబాలు అనే లెక్క అతని తలలో ఎప్పుడూ తిరుగుతుంటుంది, అంతే. "వాళ్ళేమడిగారు? ప్రోగ్రాములో లోపముందా అని అడిగారు," అన్నాడు. "లేదుగా. అడిగినదానికి జవాబివ్వండి. అడగనిదానికి ఎందుకు?"

మధ్యాహ్నం అక్క పంది ఎముకల పులుసు తెప్పించుకుని ముట్టలేదు. ఎదురుగా కూర్చుని నేను తిన్నాను, సిగ్గులేని ఆకలి నాది. రేపు జిల్లా ఆఫీసు విచారణ గదిలో చెప్పేస్తాను, నువ్వూ వస్తావా అని అడిగింది. వస్తానన్నాను. తప్పకుండా అని కూడా అన్నాను.

విచారణ గదిలో బల్లకి ఆ వైపు తనిఖీ అధికారి, ఆయన పక్కన ఇంకొకరు. ఈ వైపు తాక్ మేనేజరు, నేను, అక్క. చివరి కుర్చీలో మల్‌సున్‌గారు, ఒళ్ళో సంచీ గట్టిగా పట్టుకుని. అక్క లేచి ఆవిడ వైపు తిరిగి మాట్లాడింది, అధికారి వైపు కాదు. చెవులు వినపడని తల్లి దగ్గర పెరిగిన మనిషి, ఎవరితో మాట్లాడాలో వాళ్ళ మొహంలోకి చూసే మాట్లాడుతుంది. పరీక్ష కోసం వేసిన వరసలు, ఒక్కసారే పడిన చీటీ, చెరగకుండా మిగిలిన అరవై, తెరమీద సున్నా, అంతా చెప్పింది. ఒక్కదానికీ సాకు చెప్పలేదు. వెనక నిలబడి గడియారం చూపించిన మనిషి మాట కూడా ఎత్తలేదు.

మల్‌సున్‌గారు అడిగింది, "అయితే నా వేలు కాదా?"

కాదంది అక్క.

"నా వేలు కాదంటారు," అని ఆవిడ తనలో తను అనుకుంది. అంతలో ఇంకోటి తట్టింది. "అయితే ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళలేదన్నమాట. నేను అడిగి ఊరుకున్నాను." అప్పుడు ఏడ్చింది. మూడు రోజులు దొంగ అన్నప్పుడు ఏడవని మనిషి.

అధికారి పని కాగితం తిరగేశాడు. ఇద్దరు కూర్చోవాలన్న కట్టడి ఉంది గదా, రెండో ముద్ర గడి ఖాళీగా ఉందేం, చూసిన మనిషి ఎవరు అని అడిగాడు.

అక్క వెంటనే చెప్పలేదు. బల్ల మీద తన చేతుల్ని చూసుకుంది. మేనేజరు మోకాలు బల్ల కింద నా మోకాలికి తగిలింది, కావాలనే తగిలిందో ఊరికే తగిలిందో నాకిప్పటికీ తెలియదు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, పర్మనెంటు ఉద్యోగం. ఇవన్నీ కారణాలే, ఏ ఒక్కటీ కారణం కాదు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను.

"ఎవరూ లేరండి," అంది అక్క. "నేనొక్కదాన్నే చేశాను."

ఆ ఒక్క మాటతో కేసు స్వరూపమే మారిపోయింది. ఇద్దరం కూర్చుని ఇద్దరం పొరబడి ఉంటే, పద్ధతిలోనే లోపం అని రాసేవాళ్ళు. జనాన్ని ముందే ఎక్కించిన ఆఫీసు, తొందరపెట్టిన మేనేజరు, చూడని నేను, తిలాపాపం తలా పిడికెడు పంచుకునేవాళ్ళం. ఒంటరిగా, కట్టడి మీరి చేసిందన్నారు గనక పాపమంతా ఒక్క ఒడిలోనే పోశారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిందని కేసు నడిచింది, జైలు శిక్ష వేసి, అమలు చెయ్యకుండా ఆపి వదిలారు. బూసాన్‌లో ఇక ఏ కంపెనీ ఆమెని కీబోర్డు ముందు కూర్చోబెట్టదు. తప్పు ఒక కాంట్రాక్టు మనిషిదే అని తేలింది గనక మా కంపెనీకి ఆ పని పోలేదు. నాకు మరుసటి ఏడు ప్రమోషన్ వచ్చింది. లేని మనుషుల్ని ఇప్పుడు నేను పుట్టిస్తున్నాను.

మల్‌సున్‌గారిని మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. ఆవిడ రాలేదు. తలుపు తట్టడానికి చెయ్యి లేవడం లేదందట.

రెండేళ్ళ పాటు నేను అక్క వైపు వెళ్ళలేదు. ఫోన్ చెయ్యాలనుకోవడం, పిల్లల స్నానమో భోజనమో గుర్తుకు రావడం, ఇలా రెండేళ్ళు గడిపాను. ఆమె చేపముద్దలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో చేరిందని తెలిసి, చివరికి ఈ వసంతకాలంలో ఒక ఆదివారం వెళ్ళాను. రబ్బరు బూట్లు, తలకి ప్లాస్టిక్ టోపీ. నన్ను చూసి నవ్వింది. పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టి, గిన్నెలో వేడి చారు పోసి, పుల్లలకి గుచ్చిన చేపముద్దలు రెండు వేసి తినమంది. పిల్లలెలా ఉన్నారని అడిగింది. పెద్దాడికి ఉబ్బసం తగ్గిందా అని కూడా అడిగింది.

నేను తినలేకపోయాను. నా పేరు ఎందుకు చెప్పలేదు అక్కా అని అడిగాను. ఆ మాట అడగడానికే వెళ్ళాను, ఆమె నన్ను కాపాడాలనుకున్నానని చెబుతుందని, అది విని కాస్త ఏడ్చి తేలికపడి ఇంటికొద్దామని.

ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. నా మొహంలోకి చూసి, కోపం లేకుండా చెప్పింది.

"నేను చెప్పాలనుకోలేదని కాదే. అది నువ్వు చెప్పాల్సిన మాట. నువ్వు చెప్తావేమోనని కాసేపు ఆగాను."